నేను పట్టిన పాలు

పోయిన ఎండాకాలం మా హర్ష ఏడవడం మానేశాడు. ఇంట్లో అందరం సంతోషించాం.

అంతకుముందు మూడు నెలలు వాడు ఏడవని పూట లేదు. జనవరిలో పుట్టాడు, ఆపరేషన్ చేసి తీశారు. కుట్లకి చీము పట్టి మూడు వారాలు నేను మంచం దిగలేదు. ఆ మూడు వారాల్లో వాడికి డబ్బా పాలు అలవాటయ్యాయి, నాకు పాలు తగ్గిపోయాయి. మార్చి ఆఖరుకి పూర్తిగా ఆగిపోయాయి. మా అమ్మ లేదు, పోయి రెండేళ్ళయింది. అందుకని మా అత్తగారు మాణిక్యమే ఉయ్యూరు పక్కన వాళ్ళ ఊరి నుంచి గుణదలలో మా ఫ్లాటుకి వచ్చి నన్నూ పిల్లాణ్ణీ చూసుకుంటోంది. మా ఆయన పవన్‌కుమార్ ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటులో ఇంజనీరు, షిఫ్టుల ఉద్యోగం. నేను ఒక ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తే మంచిది, తరవాత చెప్పడం కష్టం.

డబ్బా పాలు వాడికి పడటం లేదని నేను అనుకున్నాను. రెండు రోజులకోసారి విరేచనం, అదీ గట్టిగా అయ్యేది. కడుపు బిర్రుగా ఉండేది. మేం చూపించే డాక్టరు మాత్రం బరువు బాగానే పెరుగుతున్నాడనీ, కొందరు పిల్లలు అంతేననీ, నాలుగో నెల దాటితే సర్దుకుంటుందనీ చెప్పి పంపేశారు. పవన్ ఆ మాట నమ్మి నిశ్చింతగా ఉన్నాడు. అత్తయ్య వాము నీళ్ళు పట్టనా అని ఒకసారి అడిగింది, వద్దంటే మళ్ళీ అడగలేదు.

నాకేమీ అనిపించేది కాదు. వాడు ఏడుస్తుంటే పక్క ఫ్లాట్లో ఎవరి పిల్లాడో ఏడుస్తున్నట్టు వినపడేది. ఎత్తుకునేదాన్ని, ఊపేదాన్ని, సీసా నోట్లో పెట్టేదాన్ని. ఎవరైనా అడిగితే బాగానే ఉన్నానని చెప్పేదాన్ని. సాయంత్రం పూట కాస్త గాలి కోసమని ఏలూరు కాలువ దాకా నడిచి వెళ్ళి, కాసేపు నీళ్ళు చూసి వచ్చేదాన్ని. కాలువలో నీళ్ళున్న రోజూ ఒకటే, ఎండిన రోజూ ఒకటే.

ఏప్రిల్‌లో ఫోన్‌లో ఒకామె వీడియో చూశాను. శుభ్రమైన వంటిల్లు, నేత చీర, నెమ్మదైన గొంతు. పాలడబ్బా మీద రాసి ఉన్న పదార్థాల పేర్లు ఒక్కొక్కటీ చదివి, వీటిలో మీ వంటింట్లో ఉన్నది ఏదైనా ఉందా అని అడిగింది. తరవాత తను చేసి చూపించింది. నానబెట్టిన బాదంపప్పు రుబ్బి గుడ్డలో వడగట్టిన పాలు. అందులో లేత కొబ్బరినీళ్ళు, ఖర్జూరం నానిన నీళ్ళు, పలచటి బియ్యపు గంజి కాస్త. తన పిల్లలిద్దరూ దీంతోనే పెరిగారంది. ఆమెకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో నాలుగొందల మంది తల్లులున్నారు. అందరూ నలభై రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పకండి, ఫలితం కనపడ్డాక చెప్పండి అనేవాళ్ళు. ముందే చెబితే భయపెట్టి మాన్పించేస్తారట.

ఆ వీడియో నేను పదిసార్లు చూశాను. నమ్మానా అంటే చెప్పలేను. నా ఒంట్లోంచి వాడికి ఇవ్వడానికి ఏమీ లేదు, చేత్తో చేసిందైనా ఇవ్వచ్చు అనిపించింది. మూడు నెలల్లో నాకేదైనా అనిపించడం అదొక్కటే.

ఏప్రిల్ ఇరవైన మొదలుపెట్టాను. మా సందు మొదట్లో లాజరు కొబ్బరి బోండాల బండి ఉండేది. ఎండలకి అందరూ కొనేవాళ్ళే కాబట్టి రోజూ రెండు కొనుక్కెళ్తే ఎవరూ అడగలేదు. అత్తయ్య మాత్రం నేను బాదంపప్పు రుబ్బడం చూసి ఏంటమ్మాయ్ ఇది అంది. డాక్టరమ్మే చెప్పింది, కొత్త పద్ధతి అన్నాను. చదువుకున్నదాన్ని కదా, నమ్మింది. ఆవిడ ఆ గుడ్డ తీసుకుని తనే వేణ్ణీళ్ళలో ఉడికించి ఆరేసింది. ఆ తరవాత రోజూ ఆవిడే ఉడికించింది. అందులో గంజి కలుపుతానని మాత్రం ఆవిడకి చెప్పలేదు.

పవన్‌కి తెలియకూడదు. అతను డబ్బా తెచ్చే మనిషి, ఎన్నాళ్ళకి ఒకటి అవుతుందో తెలుసు. అందుకని వాడికి సీసా పట్టినప్పుడల్లా డబ్బాలోంచి కొలత చెంచాతో పొడి తీసి సింకులో వేసి నీళ్ళు వదిలేదాన్ని. నాలుగు చెంచాలు, రోజుకి ఏడుసార్లు. ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

వారానికి వాడి ఏడుపు తగ్గింది. విరేచనం మెత్తగా అయింది. పదిరోజులకి, ఎక్కడ పడుకోబెడితే అక్కడే పడుకునేవాడు. సీసా సగంలోనే నిద్రపోయేవాడు. పవన్ నైట్ డ్యూటీ చేసి వచ్చి మధ్యాహ్నం దాకా హాయిగా పడుకోగలుగుతున్నానని సంబరపడ్డాడు. నేను గ్రూపులో రాశాను, మా బాబు ఏడవడం లేదు అని. నలభై మంది దండాలు, పువ్వులు పెట్టారు.

మే మొదటివారంలో టీకా వేయించాలి. ఈ ఎండల్లో వద్దు, కాస్త చల్లబడనీ అన్నాను. అసలు సంగతి అది కాదు. టీకాకి తీసుకెళ్తే తూకం వేస్తారు. వాడి చేతులు సన్నబడ్డాయని నాకు కనపడుతూనే ఉంది. గ్రూపులో అడిగితే, అది డబ్బా పాల ఉబ్బు, అది పోయి అసలు ఒళ్ళు వస్తోందన్నారు. నేను ఆ జవాబు చదివి ఫోన్ పక్కన పెట్టేశాను.

మే పదో తారీకు పొద్దున అత్తయ్య బాత్రూంలో పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని వాడికి లాల పోస్తోంది. నేను తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నుంచున్నాను. ఆవిడ వాణ్ణి బోర్లా తిప్పి వీపు రుద్ది మళ్ళీ వెల్లకిలా తిప్పేసరికి వాడి కళ్ళు పైకి వెళ్ళిపోయి ఉన్నాయి. కుడిచెయ్యి ఒక్కటే కొట్టుకుంటోంది. ఆవిడ నా మొహం వైపు చూసింది. నేను తువ్వాలు అలాగే పట్టుకుని నుంచున్నాను. ఆవిడే వాణ్ణి గుండెకి అదుముకుని లేచి, తడి చీరతోనే హాల్లోకి వచ్చి కొడుకుని పిలిచింది. పవన్ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. ఒక కాలికి బూటుతోనే కిందికి పరిగెత్తాడు.

సూర్యారావుపేటలో పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారిలో ఇంకోసారి ఫిట్స్ వచ్చాయి. లోపలికి తీసుకెళ్ళి సెలైన్ పెట్టారు, రక్తం తీశారు. గంటకి డాక్టర్ ఫరహత్ బయటికి వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి, కళ్ళద్దాలు తలమీదకి తోసుకుని మాట్లాడతారు. పిల్లాడి రక్తంలో ఉప్పు, అంటే సోడియం, బాగా పడిపోయిందని, ఫిట్స్ దానివల్లేనని, కాల్షియం కూడా తక్కువగా ఉందని చెప్పారు. టీకాల కార్డు చూసి, మూడోనెల్లో ఉన్న బరువు కంటే ఇప్పుడు తక్కువ ఉన్నాడని చెప్పారు.

"ఏం పాలు పడుతున్నారమ్మా?" అని నన్ను అడిగారు.

"డబ్బా పాలేనండి," అన్నాను.

ఎన్ని నీళ్ళకి ఎన్ని చెంచాలు అని అడిగారు. డబ్బా మీద ఉన్న కొలత ఉన్నట్టు చెప్పాను. నీళ్ళు ఎక్కువ కలుపుతున్నారా అని అడిగారు. లేదన్నాను. విడిగా నీళ్ళు గానీ, పళ్ళరసం గానీ, పెద్దవాళ్ళు చెప్పిన పసరు మందులు గానీ పట్టారా అని అడిగారు. లేదన్నాను. క్లాసులో హాజరు చెప్పినంత మామూలుగా చెప్పాను. నోరు తడారలేదు, చెయ్యి వణకలేదు.

డాక్టరుగారు పెద్దవాళ్ళు అనగానే పవన్ వెనక్కి తిరిగాడు. అత్తయ్య కారిడార్ గోడకి ఆనుకుని నుంచుని ఉంది. చీర ఇంకా తడిగానే ఉంది.

"అమ్మా, నువ్వేమన్నా పట్టావా?"

ఆవిడ నా వైపు ఒకసారి చూసింది. డాక్టరమ్మే చెప్పిందని నేను ఆవిడతో అన్న మాట, ఇప్పుడు ఈ డాక్టరమ్మతో అన్న మాట, రెండూ విన్న మనిషి ఆవిడ ఒక్కతే. నేను కళ్ళు దించుకోలేదు. దించుకోవాలని కూడా తోచలేదు.

"గంజి పట్టాను," అంది. "రోజూ పట్టాను. కడుపు నిండుతుందని."

డాక్టర్ ఫరహత్ ఆ మాట కాయితం మీద రాసుకుని లోపలికి వెళ్ళిపోయారు. పవన్ చాలాసేపు తల్లి ఎదురుగా నుంచున్నాడు. అతను అరిచే మనిషి కాదు. చివరికి, నువ్వింక ఊరికి వెళ్ళమ్మా అన్నాడు. ఆవిడ తలూపింది. లోపలున్న పిల్లాణ్ణి అద్దంలోంచి చూసి, చేతిసంచి కూడా లేకుండా మెట్లు దిగి బస్టాండుకి వెళ్ళిపోయింది. నేను బెంచీ మీద కూర్చునే ఉన్నాను.

రెండోరోజుకి ఫిట్స్ ఆగాయి గానీ డాక్టర్ ఫరహత్ మొహంలో తేలిక కనపడలేదు. మధ్యాహ్నం మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు. గంజి పడితే, నీళ్ళు ఎక్కువై ఉప్పు పడిపోవడం తను చాలామందిలో చూశానని, కానీ ఈ పిల్లాడికి పొటాషియం బాగా ఎక్కువగా ఉందని అన్నారు. గంజితో పొటాషియం పెరగదు. ఉప్పు తగ్గి పొటాషియం పెరిగిందంటే కిడ్నీల మీద ఉండే గ్రంథి పని చెయ్యకపోవడం ఒక కారణం కావచ్చు. అది పుట్టుకతో వచ్చే జబ్బు. ఆగితే ప్రాణానికి ముప్పు కాబట్టి నిన్నటి నుంచే దానికి ఇంజక్షన్ ఇస్తున్నామని, హైదరాబాద్ లాబ్‌కి రక్తం పంపామని, వారం పది రోజుల్లో తెలుస్తుందని చెప్పారు. జబ్బు అదే అయితే జీవితాంతం మాత్రలు వేసుకోవాలి.

పొటాషియం అనగానే నాకు తెలిసిపోయింది. లేత కొబ్బరినీళ్ళలో ఏముంటుందో ప్రతి ఏడాదీ కాలేజీ పిల్లలకి నేను చెప్పేదే. సోడియం ఎంత తక్కువ, పొటాషియం ఎంత ఎక్కువ, ఎండలో ఆడి వచ్చిన పెద్దవాళ్ళకి ఎందుకు మంచిది, అన్నీ బోర్డు మీద రాసేదాన్ని. ఆ నీళ్ళు రోజూ వాడి సీసాలో పోసేటప్పుడు ఆ బోర్డు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. గుర్తు రాలేదంటే ఎవరూ నమ్మరు. నేనూ పూర్తిగా నమ్మను.

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోగా డాక్టరుగారు ఇంకో ప్రశ్న వేశారు. మీ రెండు కుటుంబాల్లో చిన్నపిల్లలు కారణం తెలియకుండా పోవడం ఉందా అని. పవన్ కాస్త ఆలోచించి, తనకంటే ముందు అమ్మకి ఒక మగపిల్లాడు పుట్టి పోయాడని, ఎలా పోయాడో తనకి తెలియదని చెప్పాడు. కనుక్కోమన్నారు. అక్కడే కూర్చుని ఫోన్ చేశాడు, డాక్టరుగారు కూడా వినాలని స్పీకర్ పెట్టాడు. ఊరికి పంపేశాక తల్లితో మాట్లాడటం అదే మొదటిసారి. పిల్లాడెలా ఉన్నాడో ఆవిడ అడిగే లోపే, అమ్మా, ఆ పిల్లాడు ఎలా పోయాడు అని అడిగాడు.

 ఆవిడ మెల్లిగా చెప్పింది.

"నలభయ్యో రోజున పోయాడు. నాకు పాలు పడలేదు. మీ నాయనమ్మ గేదెపాలలో సగానికి సగం నీళ్ళు కలిపి, గంజి కలిపి పొయ్యమంది. పోశాను. ఒక పొద్దున కళ్ళు పైకి వేశాడు. అంతే."

ఆ తరవాత, ఇప్పుడెందుకయ్యా అది అని అడిగింది. పవన్ ఏమీ లేదని పెట్టేశాడు. డాక్టర్ ఫరహత్ కాయితం మీద ఏదో రాసుకున్నారు. పిల్లాడి తండ్రికి అన్న ఒకడు పోయాడని మాత్రమే రాసి ఉంటారు. వీళ్ళ కుటుంబంలో ఆ జబ్బు ఉండొచ్చు అన్న అనుమానం ఆవిడకి ఇంకొంచెం బలపడి ఉంటుంది.

నేను బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. గంజి పోసి ఒక పిల్లాణ్ణి పోగొట్టుకున్న మనిషి ఇంకో పిల్లాడికి గంజి పొయ్యదు. ఇది పవన్‌కి తోచలేదు, డాక్టరుగారికి తోచడానికి ఆవిడ ఎలాంటి మనిషో తెలియదు. ఆవిడ ఆ మాట ఒప్పుకున్నప్పుడు లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మత్తుమందు ఇచ్చినట్టే ఉంది, ఆపరేషన్ రోజున నడుం కింద ఉన్నట్టు. కానీ ఇక అక్కడ కూర్చుని ఉండటం కుదరదని మాత్రం తెలిసింది.

లేచి ఐసీయూ గుమ్మం దగ్గరికి వెళ్ళాను. డ్యూటీలో ఉన్న సిస్టర్ పేరు అమలమ్మ. పెద్దావిడ, మా గుణదల మనిషే. ఆవిడ చేతిలో హర్షకి ఇవ్వాల్సిన ఇంజక్షన్ ట్రే ఉంది.

"సిస్టర్, గంజి మా అత్తగారు పట్టలేదండి. బాబుకి ఇరవై రోజులుగా డబ్బా పాలు పట్టలేదు. నేను ఇంట్లో వేరే చేసి పట్టాను. అందులో కొబ్బరినీళ్ళున్నాయి."

అమలమ్మ ట్రే పక్కన పెట్టింది. నా మొహంలోకి పరీక్షగా చూసింది. తిట్టలేదు. "నోటితో చెప్పకమ్మా. మాట మారిపోద్ది. కాయితం మీద రాసివ్వు," అంది. తన జేబులో పెన్ను తీసి ఇచ్చింది.

వాళ్ళ మందుల చీటీ వెనక రాశాను. ఏమేం వేశాను, ఎంతెంత వేశాను, రోజుకి ఎన్నిసార్లు, ఏ తారీకు నుంచి. కింద సంతకం పెట్టాను, ఎవరూ అడగకపోయినా. ఆవిడ ఆ చీటీ తీసుకుని డాక్టరుగారి గదిలోకి వెళ్ళింది.

ఐదు నిమిషాల్లో నన్ను పిలిచారు. డాక్టర్ ఫరహత్ ఆ చీటీ బల్ల మీద పెట్టుకుని రెండుసార్లు చదివినట్టున్నారు. కొబ్బరినీళ్ళు రోజుకి ఎంత అని అడిగారు. చెప్పాను. లెక్క వేసుకున్నారు. కేసు షీటులో రెండు లైన్లు కొట్టేశారు.

"రెండు రోజుల నుంచి లేని జబ్బుకి మందు ఇస్తున్నానన్న మాట," అన్నారు. "ఒకళ్ళు డబ్బా పాలన్నారు, ఒకళ్ళు గంజి అన్నారు. మీ ఇద్దరిలో ఎవరు నిజం చెప్పినా ఆ పిల్లాడికి ఇన్ని సూదులు పొడిచేదాన్ని కాదు."

నేను తలూపాను.

ఆరు నెలల దాకా తల్లిపాలు, లేకపోతే డబ్బా మీద రాసిన కొలత ప్రకారం డబ్బా పాలు, అంతేనని చెప్పారు. బాదంపాలు, మేకపాలు, గంజి, రాగిజావ, ఇంట్లో ఎంత శుభ్రంగా చేసినా ఆ వయసు కడుపుకీ కిడ్నీకీ సరిపోవని, ఏది ఎంత కావాలో కళ్ళతో చూసి కలిపేది కాదని చెప్పారు. ఇలాంటి కేసు తను చూడటం ఇది మొదటిది కాదన్నారు. చివరికి కళ్ళద్దాలు కిందికి దించుకుని నన్ను చూశారు.

"మీరేం చేస్తారమ్మా?"

"కెమిస్ట్రీ లెక్చరర్‌నండి."

 ఆవిడ వేరే చీటీ మీద ఒక డాక్టరు పేరు రాసిచ్చారు. అది పిల్లాడికి కాదు, మీకు అన్నారు. కాన్పు తరవాత కొందరికి మనసు ఇలా మొద్దుబారిపోతుందని, అది కూడా జబ్బేనని, ఇన్ని నెలలుగా మిమ్మల్ని ఎవరూ ఈ మాట అడగలేదా అని అన్నారు. అడిగారండి, బాగానే ఉన్నానని చెప్పాను అన్నాను. ఆ డాక్టరు దగ్గరికి తరవాత వెళ్ళాను, ఇప్పటికీ వెళ్తున్నాను.

పవన్‌కి నేనే చెప్పాలి. అతను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఎవరో తెచ్చిన పొట్లంలో ఇడ్లీ తింటున్నాడు. పక్కన కూర్చుని చెప్పాను. వీడియో దగ్గర మొదలుపెట్టి ఇందాకటి చీటీ దాకా, ఏదీ వదలకుండా. అతను తినడం ఆపేశాడు గానీ పొట్లం కింద పెట్టలేదు.

"డబ్బా తగ్గుతూనే ఉంది కదా," అన్నాడు. అతనికి అదొక్కటే అర్థం కాలేదు.

సింకులో పారబోసిన సంగతి చెప్పాను.

"రోజూనా?"

"రోజూ."

మెట్ల మీద మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. అతను వాళ్ళకి దారిచ్చి గోడ పక్కకి జరిగాడు. అలా జరగడంలో నాకు దూరంగా కూడా జరిగాడు.

"అమ్మకి తెలుసా?"

"నేను బాదంపాలు పడుతున్నానని తెలుసు. డాక్టరు చెప్పిందనుకుంది. ఇక్కడికి వచ్చాక, కాదని తెలిసింది."

అతను పొట్లం మడిచి చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని, పిల్లాడి దగ్గరికి వెళ్ళాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటిదాకా అనలేదు.

తరవాత వాడు తొందరగానే తేరుకున్నాడు. నాలుగోరోజు సీసాతో ముప్పై మిల్లీలీటర్లు తాగాడు. పవన్ ఆ సంగతి ఫోన్ చేసి తల్లికి చెప్పాడు. అంతకు మించి ఏం మాట్లాడాడో నేను వినలేదు, బహుశా ఏమీ మాట్లాడలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన రిపోర్టులో గ్రంథి మామూలుగానే ఉందని రాసి ఉంది. ఎనిమిదో రోజున ఇంటికి పంపేశారు.

ఇప్పుడు వాడికి పదిహేనో నెల. పట్టుకుని నుంచుంటాడు, ఇంకా అడుగులు వెయ్యలేదు. కుడిచేత్తో కంటే ఎడమచేత్తోనే ఎక్కువ తీసుకుంటాడు. డాక్టర్ ఫరహత్ ప్రతి నెలా చూస్తారు. కొందరు పిల్లలు ఆలస్యంగా నడుస్తారు, చూద్దాం అంటారు. చూద్దాం అన్న మాటలో ఎన్ని ఉంటాయో నేను ఇప్పుడు వినగలను. గ్రూపులో జరిగిందంతా రాశాను. పది నిమిషాల్లో నన్ను తీసేశారు. పవన్ నాతో చాలా మర్యాదగా ఉంటాడు. పెళ్ళయిన కొత్తలో కూడా అంత మర్యాదగా లేడు. మంచినీళ్ళు కావాలంటే తనే తెచ్చుకుంటాడు, నాకూ ఒక గ్లాసు తెస్తాడు. ఆ మర్యాద ఎప్పటికి పోతుందో తెలియదు.

మేం అత్తయ్య ఊరికి వెళ్ళింది మాత్రం ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే. పవన్ పొద్దున్నే కారు తీసి, పద, అన్నాడు. ఎక్కడికని అడగలేదు.  హర్ష నా ఒళ్ళో పడుకున్నాడు. చెరకు నరికేసిన చేలలో మోళ్ళు మళ్ళీ చిగురు వేస్తున్నాయి.

మేం వెళ్ళేసరికి అత్తయ్య వరండాలో చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. కారు చూసి లేవలేదు. దగ్గరికి వెళ్ళాక చేతులు కడుక్కుని వచ్చి వాణ్ణి అందుకుంది. చేతులు, కాళ్ళు, పొట్ట, అన్నీ తడిమి చూసింది. పవన్ ఎదురుగా నుంచున్నాడు. ఆవిడ అతని మొహం చూసి, తాగే నీళ్ళు అయిపోయాయి, వాటర్ ప్లాంటు దాకా వెళ్ళి ఒక క్యాను పట్టుకురా అంది. వంటింటి గుమ్మం పక్కన నిండు క్యాను ఒకటి ఉంది. పవన్ దాన్ని చూసి కూడా ఖాళీది తీసుకుని వెళ్ళాడు.

అతను వెళ్ళాక ఆవిడ నన్ను అడిగింది.

"ఇప్పుడేం పడుతున్నావు?"

"డబ్బా పాలే అత్తయ్యా."

"నా ఎదురుగా కలుపు."

నేను సంచీలోంచి డబ్బా, సీసా, ఫ్లాస్కు తీశాను. ముందు నీళ్ళు కొలిచి పోశాను. చెంచాతో పొడి తీసి, పైన ఉన్నది చాకుతో సమంగా గీసి, సీసాలో వేశాను. ఆవిడ పిల్లాణ్ణి భుజాన వేసుకుని నా చెయ్యే చూస్తూ, ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టింది. మూడో చెంచా దగ్గర నా చెయ్యి వణకడం మొదలైంది. పొడి కొంచెం చాప మీద పడింది. ఆసుపత్రిలో అబద్ధం చెప్పినప్పుడు వణకని చెయ్యి. ఆవిడ నేను మళ్ళీ తీసేదాకా ఆగి, మూడు అంది. నాలుగు కూడా అయ్యాక సీసా తీసుకుని, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసి, వాడి నోట్లో పెట్టింది.

వాడు తాగుతుంటే నేను అడిగాను, ఆ రోజు గంజి పట్టానని ఎందుకు చెప్పారు అని.

"నేనంటే వాడు నన్ను ఊరికి పంపుతాడు," అంది. "నాకు ఊరుంది, వచ్చాను. నువ్వని చెబితే నిన్నెక్కడికి పంపుతాడు? మీ అమ్మ కూడా లేదు. రోజూ సాయంత్రం ఆ కాలువ దగ్గర నిలబడి వస్తున్నావు. నేను ఎన్నిసార్లు నీ వెనక వచ్చానో నీకు తెలియదు."

నాకు తెలియదు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

"నా మాట వల్ల వాడికి మందు తప్పు పడుతుందనుకోలేదు," అంది మళ్ళీ. "అది తెలిస్తే చెప్పకపోదును. రెండోసారి కూడా నా వల్లే అయ్యేది."

మీ వల్ల కాదు, మొదటిసారీ కాదు అని నేను అనాలి. అనుకున్నాను, మెల్లిగా అన్నాను కూడా. ఆవిడ వినలేదో, విన్నా ఊరుకుందో. వాడు సీసా ఖాళీ చేశాడు. ఆవిడ వాణ్ణి భుజాన వేసుకుని వీపు నిమిరింది.

పవన్ క్యాను తెచ్చి నిండు క్యాను పక్కన పెట్టాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. గుమ్మంలో నుంచుని, తల్లిని కాకుండా పిల్లాణ్ణి చూస్తూ, "అమ్మా, బట్టలు సర్దుకో," అన్నాడు.

"సర్దే ఉన్నాయి," అంది ఆవిడ. "పిల్లాడు పాలు తాగాడని ఫోన్ చేశావే, ఆ రోజే సర్దాను."

సంచి తలుపు వెనక ఉంది. పవన్ వెళ్ళి తెచ్చి కారులో పెట్టాడు.